తవుడు మీద నల్లబూజు

ఇంట్లో అజీర్తికి వాడే సిరప్ సీసా ఏదైనా ఉంటే, దాని వెనక చిన్న అక్షరాల్లో రాసింది ఒకసారి చదవండి. చాలావాటిలో ఫంగల్ డయాస్టేజ్ అని ఉంటుంది. కొన్నిటి మీద ఆస్పర్‌జిల్లస్ ఒరైజే నుంచి తీసినదని కూడా రాస్తారు. అది ఒక బూజు. అన్నంలోని పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్‌ని అది తయారు చేస్తుంది, మనం భోజనం అయ్యాక రెండు చెంచాలు తాగుతాం.

ఈ పద్ధతి వయసు నూట ముప్పై ఏళ్ల పైమాటే. జోకిచి తకమినే అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త 1894లో అమెరికాలో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన తల్లి వాళ్లది బియ్యంతో సాకే అనే మద్యం తయారు చేసే కుటుంబం. ఉడికిన బియ్యం మీద బూజు పెంచడం వాళ్ల ఇళ్లలో తరాలుగా ఉన్న విద్య. అమెరికాలో బియ్యం బదులు గోధుమ తవుడు వాడాడు ఆయన, ఎందుకంటే అక్కడి పిండిమరల్లో అది చవగ్గా దొరికేది. విస్కీ తయారీలో మొలకెత్తిన బార్లీకి బదులు ఈ బూజు తవుడు వాడించాలని ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో చాలా కష్టపడ్డాడు. అది నిలబడలేదు. అదే ఎంజైమ్ చివరికి టాకా-డయాస్టేజ్ అనే అజీర్తి మందుగా ప్రపంచమంతా అమ్ముడైంది.

వ్యర్థాల నుంచి ఎంజైమ్‌లు అనగానే ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిన సంగతి అనుకుంటారు చాలామంది. అందుకే తకమినే నుంచి మొదలుపెట్టాను. నేను చదివింది మైక్రోబయాలజీ. కొన్నేళ్లు హైదరాబాద్ శివార్లలో ఒక ఎంజైమ్ యూనిట్‌లో పనిచేశాను. ఇప్పుడు పశ్చిమ గోదావరిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా ఊరి చుట్టూ రైస్ మిల్లులు, కోళ్ల షెడ్లు, చేపల చెరువులు. మా నాన్న గుడ్ల కోళ్లు పెంచేవారు. అందుకని తవుడు, కోడి, బూజు ఈ మూడూ నా బుర్రలో ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. ఈ పోస్టు కూడా వాటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ యూనిట్‌లో ట్రే రూమ్ గురించి చెప్పాలి. బూజుని రెండు రకాలుగా పెంచవచ్చు. ఒకటి, పెద్ద స్టీలు ట్యాంకులో నీళ్లలాంటి ద్రవంలో, గాలి కొడుతూ, తిప్పుతూ. రెండోది, తడి తవుడు లాంటి ఘన పదార్థం మీద. ఈ రెండోదాన్ని సాలిడ్ స్టేట్ ఫర్మెంటేషన్ అంటారు, మేమంతా ఎస్‌ఎస్‌ఎఫ్ అనేవాళ్లం. పద్ధతి వినడానికి సులువు. తవుడులో కొన్ని లవణాలు కలిపిన నీళ్లు పోసి, మొత్తం బరువులో సగం లేదా సగం కంటే కొంచెం ఎక్కువ తేమ ఉండేలా కలుపుతారు. చేతిలోకి తీసుకుని పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నుంచి నీటి చుక్క రాకూడదు. ఉండ్రాళ్లకి ఉడికించిన రవ్వ ఎలా ఉంటుందో అలా ఉండాలన్నమాట. దాన్ని ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదానిలో, 121 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టి, చల్లార్చి, నల్లబూజు (ఆస్పర్‌జిల్లస్ నైజర్) బీజాలు కలిపి, ట్రేల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరుస్తారు. గదిని 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచి, గాలిలో తేమ తగ్గకుండా చూసుకుంటారు.

మొదటి పన్నెండు గంటలు ఏమీ కనిపించదు. ఆ తర్వాత తవుడు మీద తెల్లటి నూగు మొదలవుతుంది. మర్నాటికి గింజకీ గింజకీ మధ్య దారాలు అల్లుకుని, ట్రేలో తవుడంతా ఒకే బిళ్ల అయిపోతుంది. అసలు టెన్షన్ అప్పుడే. బూజు కూడా మనలాగే ఊపిరి తీస్తుంది, తిన్నదాన్ని కాల్చుతుంది, వేడి పుట్టిస్తుంది. తవుడు వేడిని బయటకి పోనివ్వదు. గదిలో థర్మామీటర్ 30 చూపిస్తున్నా ట్రే మధ్యలో నలభై దాటిపోవచ్చు. అంత వేడిలో బూజు నీరసిస్తుంది, ఎంజైమ్ చెడుతుంది. అందుకే ట్రేలో మందం పెంచి ఒకేసారి ఎక్కువ తీద్దామనే ఆశ ఇక్కడ పనికిరాదు.

మా ట్రే రూమ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, అందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. పదో తరగతి కూడా చదవలేదు. చేతి వెనక భాగం ట్రే మీద ఆనించి, "మేడమ్, ఈ వరస వేడెక్కింది, విరగ్గొట్టాలి" అనేవారు. ప్రోబ్ పెట్టి చూస్తే నిజంగా ఆ వరసే మిగతావాటికంటే వేడిగా ఉండేది. వాసన కూడా ఆయనే ముందు పట్టేవారు. మంచి ట్రే పుట్టగొడుగు వాసన వేస్తుంది. పులుపు వాసనో, అమ్మోనియా ఘాటో తగిలితే బ్యాక్టీరియా చేరినట్టే, ఆ ట్రే పారేయాల్సిందే. ఇంత తక్కువ నీళ్లతో పెంచడంలో లాభం కూడా అక్కడే ఉంది. బ్యాక్టీరియాకి బతకడానికి నీళ్లు బాగా కావాలి, బూజు కొంచెం తడితోనే నెగ్గుకొస్తుంది. తవుడుని సరైన తేమలో ఉంచగలిగితే పోటీ సగం తగ్గిపోతుంది.

మూడు నాలుగు రోజులకి బూజు నల్లటి బీజాలు వేయడం మొదలుపెడుతుంది. అప్పటికే కావలసిన ఎంజైమ్ తవుడులోకి వచ్చేసి ఉంటుంది. బూజుకి నోరు లేదు, పొట్ట లేదు. అది తిండిని ఒంట్లోకి తీసుకుని అరిగించుకోదు. ముందు ఎంజైమ్‌లని బయటకి వదులుతుంది, అవి చుట్టూ ఉన్న పదార్థాన్ని ముక్కలు చేస్తాయి, ఆ చిన్న ముక్కల్ని దారాలు పీల్చుకుంటాయి. ఎంజైమ్‌లు బయటే ఉంటాయి కాబట్టే మనం వాటిని ఇంత తేలిగ్గా తీసుకోగలుగుతున్నాం. ట్రేలో తవుడుని నీళ్లలో కలిపి, కుదిపి, మస్లిన్ గుడ్డలో పిండితే ఎంజైమ్ నీళ్లలోకి వచ్చేస్తుంది.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తున్నాను. తవుడు బదులు శుభ్రమైన గ్లూకోజ్ పెట్టి బూజుని పెంచితే ఎలా ఉంటుంది? బాగా పెరుగుతుంది. కానీ గడ్డిని విడగొట్టే సెల్యులేజ్ లాంటి ఎంజైమ్ దాదాపు చేయదు. సులువైన చక్కెర దొరుకుతున్నంతసేపు గట్టి పదార్థాన్ని విడగొట్టే జన్యువుల్ని బూజు ఆపేసుకుంటుంది. ఆ తీపి అయిపోయి, చుట్టూ నార మాత్రమే మిగిలినప్పుడు ఆ జన్యువులు మేలుకుంటాయి. ఎప్పుడూ కొద్ది మోతాదులో వదిలే ఎంజైమ్ నార నుంచి రెండు మూడు చిన్న ముక్కలు తెంపుతుంది. ఆ ముక్కలే బూజుకి కబురు. అది అందగానే ఎంజైమ్ ధారగా వస్తుంది. పళ్ల తొక్క పెడితే తొక్కలోని పెక్టిన్‌ని విడగొట్టే పెక్టినేజ్ వస్తుంది. గడ్డి పెడితే సెల్యులేజ్, జైలనేజ్ వస్తాయి. నూనెచెక్క పెడితే, అందులో మిగిలిన నూనెకి లైపేజ్, మాంసకృత్తులకి ప్రోటియేజ్ వస్తాయి.

ఈ లెక్కన వ్యర్థం ఖర్చు తగ్గించే ముడిసరుకు మాత్రమే కాదు. ఏ ఎంజైమ్ చేయాలో బూజుకి చెప్పేది కూడా అదే. ఏ వ్యర్థాన్ని మనం విడగొట్టాలనుకుంటున్నామో, ఆ వ్యర్థం మీదే బూజుని పెంచాలి. పరిశ్రమలో ఉన్నన్నాళ్లూ నాకు బాగా నచ్చిన సంగతి ఇది. విద్యార్థులకి మొదటి రోజే చెప్పేదీ ఇదే.

దీనికి చరిత్రలో ఉన్న గొప్ప సాక్ష్యం ట్రైకోడెర్మా రీసై అనే బూజు. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్‌లోని సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం వేసిన నూలు గుడారాలు, బట్టలు పుచ్చి చినిగిపోయేవి. ఎందుకో తేల్చమని శాస్త్రవేత్తలకి పని అప్పగించారు. పుచ్చిన గుడ్డ నుంచి తీసిన ఒక ఆకుపచ్చ బూజుకి క్యూఎం6ఏ అని నంబరు వేసి దాచారు. మొదట్లో దాన్ని ఆపడమే లక్ష్యం. తర్వాత ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ అదే బూజుని పెంచి, నూలుని చక్కెరగా మార్చే శక్తిని వాడుకోవచ్చని చూపించారు. 1977లో ఆ బూజుకి రీస్ పేరే పెట్టారు. ఇవాళ పరిశ్రమలో సెల్యులేజ్ చేసే ట్రైకోడెర్మా రకాలన్నీ దాదాపు ఆ ఒక్క గుడారపు బూజు సంతానమే. జీన్స్ ప్యాంట్లకి పాత లుక్ రావడానికి ఒకప్పుడు రాళ్లు వేసి ఉతికేవారు. 1980ల చివరి నుంచి ఆ పని సెల్యులేజ్‌తో చేస్తున్నారు.

ఇప్పుడు కోళ్ల దగ్గరికి వద్దాం. నాకు దీని మీద చెప్పాల్సింది చాలా ఉంది.

గుడ్ల కోళ్ల మేతలో మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, నలగ్గొట్టిన గుల్ల లేదా సున్నపురాయి, డీసీపీ ఉంటాయి. డీసీపీ అంటే డైకాల్షియం ఫాస్ఫేట్, భాస్వరం కోసం కలిపేది. ఒకసారి నాన్న అడిగారు. "ఏమ్మా, తవుడులో భాస్వరం దండిగా ఉందని నువ్వే చెప్తావు. మళ్లీ మేత వాళ్లు డీసీపీ మూటలు కొనమంటారు. ఏది నిజమే?"

"రెండూ నిజమే నాన్నా" అన్నాను.

గింజల్లో, తవుడులో ఉన్న భాస్వరంలో మూడింట రెండొంతుల దాకా ఫైటేట్ అనే పదార్థంలో చిక్కుకుని ఉంటుంది. వరి తవుడులో అయితే ఇంకా ఎక్కువే. మొక్క తన మొలక కోసం దాచిపెట్టుకున్న నిల్వ అది. ఆవుకి, గేదెకి సమస్య లేదు, వాటి మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విప్పుతాయి. కోడికి ఆ వసతి లేదు. తిన్న భాస్వరంలో ఎక్కువ భాగం పెంటలోకి పోతుంది. పోతూ పోతూ ఫైటేట్ కాల్షియంని, జింక్‌ని, ఇనుముని కూడా పట్టుకుని తీసుకుపోతుంది. రైతు డబ్బు రెండు చోట్ల పోతుందన్నమాట, మేతలో కొన్న భాస్వరం పెంటలో పోతుంది, దాని బదులు డీసీపీ కొనాలి. ఆ పెంటని మా వైపు పొలాలకి తోలుతారు, చేపల చెరువుల్లోనూ వేస్తారు. భాస్వరం అతిగా చేరిన నీళ్లలో నాచు పేరుకుంటుంది.

ఫైటేట్‌ని విప్పే ఎంజైమ్ పేరు ఫైటేజ్. 1991లో నెదర్లాండ్స్‌లో మేత కోసం మొదటిసారి ఫైటేజ్‌ని అమ్మకానికి తెచ్చారు. ఆ దేశంలో పందులు, కోళ్లు ఎక్కువ, నేల తక్కువ. పెంటలోని భాస్వరం వల్ల నీళ్లు పాడవుతున్నాయని ప్రభుత్వం కట్టడి పెట్టింది. ఆ ఎంజైమ్ వచ్చింది ఆస్పర్‌జిల్లస్ నుంచే, అంటే మా ట్రేల్లోని నల్లబూజు జాతి నుంచే. ఇప్పుడు మార్కెట్లో ఉన్న కొన్ని ఫైటేజ్‌ల జన్యువు బ్యాక్టీరియాది. అయినా దాన్ని తయారుచేసే పని ట్రైకోడెర్మా లాంటి బూజుకే అప్పగిస్తారు.

ఇక్కడ కూడా బూజు అదే పట్టు పడుతుంది. దానికి పెట్టే తిండిలో సులువుగా అందే ఫాస్ఫేట్ లవణం ఎక్కువ వేస్తే ఫైటేజ్ చేయడం మానేస్తుంది. భాస్వరం ఫైటేట్‌లో మాత్రమే ఉంటే, దాన్ని విప్పడానికి ఫైటేజ్ వదులుతుంది. తవుడులో కావలసినంత ఫైటేట్ ఉంది కనుక, పైన ఫాస్ఫేట్ కలపకుండా జాగ్రత్తపడితే చాలు. కోడికి అరగని తవుడు మీదే, ఆ తవుడుని అరిగించే ఎంజైమ్ తయారవుతుంది.

లెక్క కూడా చెప్తాను. ఫైటేజ్‌ని ఎఫ్‌టీయూ అనే యూనిట్లలో కొలుస్తారు. 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5.5లో, నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫాస్ఫేట్‌ని విడుదల చేస్తే ఒక యూనిట్. కిలో మేతకి 500 యూనిట్లు అనేది మామూలుగా వాడే మోతాదు. టన్ను మేతకి 5 లక్షల యూనిట్లు అవుతాయి. కంపెనీ పొడిలో గ్రాముకి 5,000 యూనిట్లు ఉంటే టన్నుకి 100 గ్రాములు సరిపోతుంది. మన ట్రేలో ఆరబెట్టిన బూజు తవుడులో గ్రాముకి 50 యూనిట్లే వచ్చాయనుకుందాం. అప్పుడు టన్నుకి 10 కిలోలు కలపాలి. వందరెట్లు ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆ 10 కిలోలూ తవుడే, కోడి తినేదే. మేతలో మామూలు తవుడు 10 కిలోలు తగ్గించి ఇది వేస్తే చాలు. పిండడం, వడకట్టడం, శుద్ధి చేయడం, పొడి చేయడం ఏవీ అక్కర్లేదు. ఎంజైమ్ తయారీలో ఖర్చంతా ఎక్కడ అవుతుందని అడిగితే, ఎంజైమ్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరైనా ఆ తర్వాతి పనుల వైపే వేలు చూపిస్తారు. గుడ్ల కోళ్లకి మా వైపు పెట్టేది పొడి మేత, ఆవిరిలో ఒత్తిన గుళికలు కాదు. కాబట్టి ఎంజైమ్ వేడికి చచ్చిపోతుందన్న బెంగ కూడా లేదు.

నా అభిప్రాయంలో వరి మిల్లులు, కోళ్లు పక్కపక్కనే ఉన్న గోదావరి జిల్లాలకి ఇంతకంటే సరిపోయే పని లేదు. అలాంటి పొడిని ఘన పద్ధతిలో చేసి అమ్మే కంపెనీలు విదేశాల్లో ఉన్నాయి, ఆల్‌టెక్ వాటిలో ఒకటి. మనకి కావలసిందల్లా తవుడు తాజాగా ఉండటం, ట్రే రూమ్ శుభ్రంగా ఉండటం, ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించే ఒక చిన్న ల్యాబు. చివరిది లేకుండా మొదటి రెండూ దండగ. ఒక బ్యాచ్‌లో 50 యూనిట్లు, ఇంకోదానిలో 15 వస్తే, డీసీపీ తగ్గించుకున్న రైతు కోళ్లు పల్చటి పెంకు గుడ్లు పెట్టొచ్చు, కాళ్లు బలహీనపడొచ్చు. పరీక్ష ఖరీదైనది కూడా కాదు. బయటపడిన ఫాస్ఫేట్‌కి మాలిబ్డేట్ అనే రసాయనం కలిపితే రంగు వస్తుంది, రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటర్‌లో చూస్తే సంఖ్య తెలుస్తుంది. మా డిగ్రీ పిల్లలు చేస్తారు.

తవుడు తాజాగా అన్నానుగా, దాని గురించి ఒక మాట. మరలో బియ్యం పాలిష్ పట్టిన నిమిషం నుంచి తవుడులోని సొంత లైపేజ్ దాని నూనెని కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. అందుకే నూనె మిల్లుల వాళ్లు తవుడు లారీ ఆలస్యమైతే ఒప్పుకోరు. ఎస్‌ఎస్‌ఎఫ్‌కి నూనె తీసిన తవుడు వాడితే ఆ గొడవ తగ్గుతుంది, రవాణాకి కూడా నిలుస్తుంది.

వరిగడ్డి సంగతి వేరే. అందరూ ముందు అడిగేది దాని గురించే, ఎందుకంటే పొలాల్లో గడ్డి తగలబెట్టడం కళ్లకి కనిపిస్తుంది. మిషన్ కోతలు వచ్చాక మా వైపు కూడా దాళ్వా (రెండో పంట) అయ్యాక పొగలు మామూలైపోయాయి. గడ్డిలో సుమారు మూడో వంతు పైన సెల్యులోజ్, ఐదో వంతుకి అటూ ఇటూగా హెమిసెల్యులోజ్ ఉంటాయి, రెండూ చక్కెరల గొలుసులే. వాటిని లిగ్నిన్ అనే గట్టి పదార్థం చుట్టేసి ఉంటుంది. దానికి తోడు వరిగడ్డిలో ఇసుకలాంటి సిలికా. ఎంజైమ్ ఎంత మంచిదైనా లోపలికి చేరే దారే లేదు. ముందు ఆవిరితోనో ఆమ్లంతోనో గడ్డిని మెత్తబరిస్తే తప్ప సెల్యులేజ్ పని మొదలుపెట్టలేదు. హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల ప్లాంటు 2022 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో రోజుకి లక్ష లీటర్ల ఇథనాల్ చేయడం దాని లక్ష్యం. కట్టడానికి 900 కోట్ల పైన అయ్యింది. మంచి ప్రయత్నమే. కానీ గడ్డి తేలికైనది, జాగా తినేస్తుంది, కోత అయిన కొద్ది వారాల్లోనే సేకరించాలి, ఏడాదంతా నిల్వ పెట్టాలి. లీటరు ధర తక్కువ ఉండే ఇంధనం కోసం ఇంత చేయాలి. అందుకని గడ్డి నుంచి ముందు ఇంధనమే చేయాలన్న వాదనతో నేను ఏకీభవించను.

గడ్డిని పొలంలోనే కుళ్లబెట్టే పూసా డీకంపోజర్‌ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసింది. క్యాప్సూల్స్‌లో కొన్ని రకాల బూజుల బీజాలు ఉంటాయి, బెల్లం, శనగపిండి కలిపిన నీళ్లలో పెంచి పొలంలో చల్లుతారు. గడ్డి మెత్తబడటానికి 20 నుంచి 25 రోజులు పడుతుంది. రెండు పంటల మధ్య అంత వ్యవధి, నేలలో తడి ఉన్న చోట అది బాగుంటుంది. వారం తిరక్కుండా దుక్కి చేయాల్సిన రైతుకి ఇబ్బందే.

లిగ్నిన్‌ని విప్పే బూజులు వేరే ఉన్నాయి, చెక్కని తెల్లగా పుచ్చబెట్టేవి. వాటిలో మనం తినేది కూడా ఒకటుంది, ఆయిస్టర్ పుట్టగొడుగు. వరిగడ్డిని చిన్న ముక్కలుగా కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్లు వార్చి, కవర్లలో వరుసలుగా స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లి కడతారు. మా జిల్లాలో చాలామంది ఆడవాళ్లు ఇంటి వెనక షెడ్డులో చేస్తున్నారు. రెండు మూడు వారాల్లో కవరంతా తెల్లబడుతుంది, ఆ తర్వాత కోతకి వస్తుంది. కిలో ఎండుగడ్డి నుంచి అరకిలో నుంచి కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు రావచ్చు. అందరూ అక్కడితో ఆగిపోతారు. కోత అయ్యాక మిగిలిన గడ్డిలో లిగ్నిన్‌ని విప్పే లాకేజ్ అనే ఎంజైమ్ నిండుగా ఉంటుంది. మా ల్యాబులో పిల్లలకి చూపించడానికి గ్వాయకాల్ అనే రసాయనం కలిపిన అగార్ (జెల్లీ) ప్లేటు మీద ఆ బూజు ముక్క పెడతాను. కొద్ది రోజుల్లో దాని చుట్టూ ఎర్రటి గోధుమ రంగు వలయం వస్తుంది, లాకేజ్ పనిచేస్తోందని గుర్తు. బట్టల అద్దకం నీళ్లలోని రంగుల్ని కూడా లాకేజ్ విరగ్గొట్టగలదు. ఆ మిగిలిన గడ్డిని గుంటలో పారబోసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. కనీసం కంపోస్టుగానైనా వాడాలి. అప్పటికే సగం పని అయిపోయిన గడ్డి అది, మామూలు గడ్డి కంటే త్వరగా మాగుతుంది.

చిత్తూరు, తిరుపతి వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి మామిడి సీజన్ చూసినవాళ్లకి తెలుస్తుంది, తొక్క, టెంక కలిపి కాయ బరువులో మూడో వంతు పైన పక్కకి పోతుంది. టెంక లోపలి జీడి నుంచి కొవ్వు తీస్తారు, అది చాక్లెట్లలో కోకో వెన్నకి తోడుగా వాడేంత మంచిది. తొక్కని మాత్రం ఎక్కువగా పారేయడమో, పశువులకి పెట్టడమో. తొక్క నిండా పెక్టిన్. నల్లబూజు దాని మీద పెక్టినేజ్ చేస్తుంది. పళ్ల రసాల పరిశ్రమ 1930ల నుంచి పెక్టినేజ్ వాడుతోంది, గుజ్జు పల్చబడి రసం ఎక్కువ దిగడానికి, తేటపడటానికి. జామ, అరటి రసాలకి ఇది లేకపోతే కష్టం. అంటే ఆ ఫ్యాక్టరీ కొనుక్కునే ఎంజైమ్ దాని గేటు బయట పారబోసిన కుప్ప మీద తయారవుతుంది. తాజా తొక్కలో తీపి ఎక్కువ, అది ముందు చెప్పినట్టు బూజుని బద్ధకం చేస్తుంది. పైగా తడికి జావ అయిపోయి గాలి ఆడదు. కడిగి, ఎండబెట్టి, గరుకుగా పొడి కొట్టి, గోధుమ తవుడు కలిపితే రెండు సమస్యలూ తీరతాయి. ఎండలు మండే సీజన్‌లోనే మామిడి రావడం ఇక్కడ కలిసొచ్చే అంశం.

ఇదే నల్లబూజు నిమ్మ ఉప్పుని కూడా చేస్తుంది. వంటింట్లో వాడే ఆ తెల్లటి పలుకులు నిమ్మకాయ నుంచి రావు. జేమ్స్ కరీ అనే ఆయన 1917లో దారి చూపించాడు, 1919లో ఫైజర్ కంపెనీ చక్కెర మీద బూజు పెంచి తీయడం మొదలుపెట్టింది.

ఇంతా చదివి ఎవరైనా రేపు బూజు పట్టిన అన్నమో, చెక్కో గేదెకి పెడతారేమోనని నాకు భయం. దయచేసి పెట్టకండి. అన్ని బూజులూ ఒకటి కావు. సిరప్‌లో వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజేకి బాగా దగ్గరి చుట్టం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, కంటితో చూసి తేడా చెప్పడం కష్టం. ఆ రెండోది అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది, కాలేయాన్ని చంపుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఈ విషం ఉందని తేలింది. అనంతపురం వైపు వేరుశనగ పండించేవాళ్లకి ఈ పేరు ఇప్పటికీ పీడకలే. నల్లబూజులోనూ కొన్ని రకాలు విషాలు చేస్తాయి. అందుకే సూక్ష్మజీవుల రకాల్ని భద్రపరిచే గుర్తింపు ఉన్న కల్చర్ బ్యాంకు నుంచి తెచ్చిన రకమే వాడాలి, తయారైన సరుకుని విషాల కోసం పరీక్షించాలి. ట్రే రూమ్‌లోకి మాస్కు లేకుండా వెళ్లకూడదు, నల్లబీజాలు ఊపిరితిత్తుల్లోకి పోతే అలర్జీ, దగ్గు, బలహీనంగా ఉన్నవాళ్లకి అంతకంటే పెద్ద జబ్బు.

కోళ్ల షెడ్డు ఉన్నవాళ్లు మెసేజ్‌లలో అడిగే ప్రశ్నకి జవాబు ఇక్కడే రాస్తున్నాను. మీరు ఇప్పుడు కొంటున్న మేతలో బహుశా ఫైటేజ్ ఇప్పటికే ఉంది. మేత ఇచ్చేవాళ్లని మూడు సంగతులు అడగండి: కిలో మేతలో ఎన్ని ఎఫ్‌టీయూ, ఆ లెక్కకి డీసీపీ ఎంత తగ్గించారు, కాల్షియం ఎంత ఉంచారు. డీసీపీ తగ్గించకుండా ఫైటేజ్ పొడి మాత్రం కలిపితే, భాస్వరానికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. మీ అంతట మీరు తగ్గించాలనుకుంటే పశువైద్యుణ్ణి అడిగి, ముందు ఒక్క షెడ్డులోనే మొదలుపెట్టి, గుడ్డు పెంకు మందం చూసుకుంటూ వెళ్లండి. సొంతంగా తవుడు మీద చేద్దామనుకునే మిల్లు వాళ్లు ఉంటే నాకు రాయండి, మా ల్యాబులో యూనిట్లు కొలిచి పెడతాం.